సైరంధ్రి ఫిర్యాదు ఎవరు తీసుకున్నారు?

మూలపేట నుంచి బయటికి వచ్చే రోడ్డు ఇప్పుడు నాకు గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. 2023 ఏప్రిల్ 19న పోర్టుకి శంకుస్థాపన జరిగాక టిప్పర్ల ధూళి, కంకర గుట్టలు, గంటకో కొత్త ముఖం. మేము చదువుకునే రోజుల్లో ఆ దారిలో సరుగుడు తోటలు, మొగలి పొదలు, దూరంగా ఉప్పు మడులు, నలుగురైదుగురు సైకిలు మీద పోయే ఆడపిల్లలు. అంతే. ఆ నలుగురైదుగురిలో ఒకరం తగ్గిపోయిన సంగతి దగ్గరే ఈ వ్యాసం మొదలుపెట్టాలి.

2004. మేము పదో తరగతి. నా పక్క బెంచీ స్నేహితురాలి సైకిలు వెనక రోజూ ఒకడు సైకిలు తొక్కేవాడు. ముట్టుకోలేదు. మాట అనలేదు. ఉత్తరం ఇవ్వలేదు. తను ఆగితే ఆగేవాడు, తను తొక్కితే తొక్కేవాడు. వర్షం వచ్చి మేమంతా తోట పక్కన పాకలో తలదాచుకుంటే ఎదురు చెట్టు కింద తడుస్తూ నిలబడేవాడు. మిగతా వాళ్ళం నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. 'ఎంత ప్రేమే నీమీద!' అన్నది నేనే.

ఆ ఏడాదే విజయవాడలో ఒక విద్యార్థినిని, చాలాకాలంగా ఆమె వెంటపడుతున్నవాడు, తరగతి గదిలోనే అందరూ చూస్తుండగా నరికి చంపాడు. ఆ వార్త పేపర్లో వచ్చాక మా స్నేహితురాలి ఇంట్లో పెద్ద చర్చ ఏమీ జరగలేదు. మర్నాటి నుంచి తను బడికి రాలేదు. నేను వాళ్ళింటికి వెళ్తే వాళ్ళమ్మ జీడిపిక్కలు ఆరబోస్తూ తల ఎత్తకుండా అంది: 'సదువు నేకపోతే బతకనేమేటమ్మా? రేపేటైనా అయితే ఎవులు పూసీ?' మరుసటి మాఘమాసంలో పెళ్ళి. వెంటపడినవాడు మాత్రం ఆ తర్వాత కూడా అదే దారిలో సైకిలు తొక్కుతూనే ఉన్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అడగటానికి అతను చేసినదేమిటో చెప్పే మాట మా దగ్గర లేదు.

మాట లేదు అన్నది వట్టి అలంకారం కాదు. సాహిత్యం చదువుకున్న దాన్ని గనక నా చూపు మొదట మాట మీదకే పోతుంది. 'వెంటపడటం' అనే మాట చూడండి. అప్పులవాడు వెంటపడతాడు, కుక్క వెంటపడుతుంది, ప్రియుడూ వెంటపడతాడు. మొదటి రెంటిలో భయం ఉంది. మూడోదానిలో ఆ భయాన్ని తీసేసి అక్కడ పాట పెట్టారు. మన సినిమాల్లో నాయకుడు కాలేజీ గేటు దగ్గర, బస్సులో, గుడిలో, చివరికి ఆమె పడగ్గది కిటికీ దగ్గర ప్రత్యక్షమవుతాడు. ఆమె విసుక్కుంటుంది, తిడుతుంది. రెండో సగానికల్లా ఆ విసుగే ప్రేమని తేలుతుంది. 'వేధింపు' అందామంటే అది అత్తింటికి, ఆఫీసుకి కట్టుబడిపోయింది. 'ఏడిపించడం' చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. పత్రికలు చాలాకాలం వాడిన 'ఈవ్ టీజింగ్' ఇంకా అన్యాయం. నేరంలో సగం భారం ఈవ్ మీదే వేసి, మిగిలిన సగాన్ని పరిహాసం చేసిన మాట అది.

చట్టం దగ్గరా అంతే. 1860 నాటి భారత శిక్షా స్మృతిలో స్త్రీ కోసం ఉన్నవి ముఖ్యంగా రెండు సెక్షన్లు. 354, బలప్రయోగంతో స్త్రీ మర్యాదకి భంగం కలిగించడం. 509, మాటతో, సైగతో, చేష్టతో ఆ మర్యాదని అవమానించడం. రెండింట్లోనూ కేంద్రం స్త్రీ కాదు, ఆమె 'మర్యాద'. ఆమె భయం, ఆమె నిద్ర, ఆమె బడి దారి ఆ వాక్యాల్లో ఎక్కడా కనిపించవు. మన రాష్ట్రం 1991లో 354ని సవరించి శిక్షను ఐదు నుంచి ఏడేళ్ళకు పెంచింది, బెయిలు దొరకని నేరం చేసింది. దేశంలో మిగతాచోట్ల అప్పటికి అదే సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్ళే. అంటే 2004లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక మగవాడు ఆడపిల్ల చెయ్యి పట్టుకుంటే ఐదేళ్ళు. రెండేళ్ళపాటు రోజూ ఆమె సైకిలు వెనకే తిరిగితే ఏమీ లేదు. శిక్ష పెంచటమంటే రక్షణ పెంచటమేనన్న మన పాలకుల నమ్మకానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

నేను పరిశోధన చేస్తున్న రోజుల్లో విరాటపర్వం మళ్ళీ చదవాల్సి వచ్చింది. చిన్నప్పుడు 'నర్తనశాల' సినిమాగా చూసిన కథే. కీచకుడు చచ్చాడు, పీడ వదిలింది అనుకుని ఊరుకున్న కథ. ఈసారి మా స్నేహితురాలి సైకిలు మనసులో పెట్టుకుని చదివితే వేరే కథ కనిపించింది.

సైరంధ్రి మొదట ఏం చేసింది? స్పష్టంగా కాదంది. తనకు గంధర్వులు భర్తలుగా ఉన్నారని, ప్రాణం మీదకి తెచ్చుకోవద్దని హెచ్చరించింది కూడా. అతను వినలేదు, అక్క దగ్గరకి పోయాడు. సుధేష్ణ యజమానురాలు, పైగా ఆడది. అంతా తెలిసే, మద్యం తెమ్మనే నెపంతో సైరంధ్రిని అతని ఇంటికి పంపింది. అక్కడ చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని పరుగెత్తి సైరంధ్రి ఎక్కడికి వెళ్ళింది? నేరుగా కొలువుకి. రాజు ఉన్న చోటికి, న్యాయం ఉండాల్సిన చోటికి. అక్కడే, నిండు సభలో, కీచకుడు ఆమెను తన్నాడు. విరటుడికి బావమరిదితో పని ఉంది, కనుక చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కంకుభట్టు వేషంలో ఉన్న భర్త, ఇలా సభలో నిలబడి నటిలా ఏడవకు, లోపలికి పొమ్మన్నాడు. ఆ మాటలో ఎంత నిస్సహాయత ఉందో, ఎంత చిరాకు ఉందో పండితులు తేల్చుకోవచ్చు. ఫిర్యాదుదారుకు వినపడింది మాత్రం 'ఇంటికి పో' అన్నదే.

ఆ తర్వాతే వంటశాలలో అర్ధరాత్రి భీముడు. ఆ తర్వాతే నర్తనశాల చీకటి. మనమంతా చప్పట్లు కొట్టేది అక్కడే. కథ అక్కడ ఆగదు మరి. ఈమె వల్లే మా అన్న చచ్చాడని ఉపకీచకులు ఆమెను శవంతో కలిపి తగలబెట్టటానికి పట్టుకుపోయారు. వాళ్ళూ చచ్చాక ఊరంతా భయపడింది, ఆమెని చూసి. రాజు రాణి చేత చెప్పించాడు: నీకు ఇష్టమైన చోటికి వెళ్ళిపో. సైరంధ్రి ఇంకో పదమూడు రోజులు ఉండనివ్వమని అడుక్కోవాల్సి వచ్చింది. వెంటపడినవాడి కథలో చివరికి ఊరు విడవాల్సింది వెంటపడబడినదే. మా స్నేహితురాలు బడి విడిచినట్టు.

2008 డిసెంబరు 10. వరంగల్‌లో కాలేజీ నుంచి స్కూటర్ మీద ఇంటికి వస్తున్న ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఇద్దరిలో ఒకమ్మాయి ఆ నెలాఖరున చనిపోయింది. వెంటపడుతున్నాడని ఆమె కుటుంబం అంతకు ముందే పోలీసులకు చెప్పుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి. దాడి జరిగిన మూడో రోజే, డిసెంబరు 13న, ముగ్గురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. రాష్ట్రమంతా అభినందనలు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. హాస్టల్లో ఆ రాత్రి స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను, దాచిపెట్టటం ఎందుకు? అందరిలాగే నాకూ కసి తీరినట్టనిపించింది. ఆ కసిలో అడగాల్సిన ప్రశ్న కొట్టుకుపోయింది: ముందు చెప్పుకున్న మాట ఏమైంది? ఏ సెక్షన్ కింద రాశారు? రాయటానికి సెక్షన్ ఉందా? విరటుడి కొలువులో ఫిర్యాదు విననివాళ్ళే రాత్రికి భీముడి వేషం వేసుకొస్తే, కొలువుని ఇంకెవరూ ప్రశ్నించరు.

(2019 డిసెంబరు 6న హైదరాబాద్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను కాల్చినప్పుడు పూలు చల్లారు. ఆ కాల్పులు కావాలనే, చంపే ఉద్దేశంతోనే జరిపారని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. అప్పటికి పూలు వాడిపోయాయి, చదివినవాళ్ళు కొద్దిమంది.)

ఇది మన దగ్గరే జరిగిందనుకోనక్కర్లేదు. ఢిల్లీలో న్యాయశాస్త్ర విద్యార్థిని ప్రియదర్శిని మట్టూ తన వెంటపడుతున్నవాడి మీద ఒకటికి నాలుగుసార్లు పోలీసులకు ఫిర్యాదు చేసింది. రక్షణకి ఒక కానిస్టేబుల్‌ని కూడా ఇచ్చారు. 1996 జనవరి 23న ఆమె ఇంట్లోనే ఆమెను చంపాడు. అతను పోలీసు ఉన్నతాధికారి కొడుకు. 1999లో కింది కోర్టు వదిలేసింది, 2006లో హైకోర్టు మరణశిక్ష వేసింది, 2010లో సుప్రీంకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. పద్నాలుగేళ్ళు నడిచిన ఆ కేసులో అతను చేసిన మొదటి నేరానికి, అంటే వెంటపడటానికి, చట్టంలో పేరే లేదు.

బయటి దేశాలు కూడా శవాల మీదుగానే ఈ పేరు దగ్గరికి నడిచాయి. 1989లో ఒక యువ నటిని ఆమె గుమ్మంలోనే ఒక 'అభిమాని' కాల్చి చంపాక కాలిఫోర్నియా 1990లో చట్టం తెచ్చింది. జపాన్ కథ నన్ను ఎక్కువ ఆపింది. 1999లో సైతామా ప్రాంతంలో ఒక కాలేజీ అమ్మాయి, తల్లిదండ్రులు పోలీసుల దగ్గర మొరపెట్టుకున్నారు. పని తప్పించుకోవటానికి పోలీసులు ఆమె ఫిర్యాదు కాగితాన్నే దిద్దారు. అక్టోబరులో రైల్వే స్టేషన్ ముందు ఆమెను పొడిచి చంపారు. కాగితం దిద్దిన పోలీసుల్ని ఉద్యోగాల నుంచి తీసేశారు, కోర్టు శిక్షించింది. 2000లో చట్టం వచ్చింది. వెంటపడినవాడితో పాటు ఫిర్యాదు విననివాడూ దోషేనని అక్కడ జనం గట్టిగా అడిగారు.

మన దగ్గర ఆ పేరు 2013లో వచ్చింది. ఢిల్లీ బస్సు ఘటన తర్వాత 2012 డిసెంబరు 23న వేసిన జస్టిస్ వర్మ కమిటీ సరిగ్గా నెలకి, జనవరి 23న, నివేదిక ఇచ్చింది. దేశం నలుమూలల నుంచి ఎనభై వేల సూచనలు వచ్చాయి. స్త్రీల సంఘాలు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చిన మాటలు మొదటిసారి ఒక ప్రభుత్వ కాగితంలోకి ఎక్కాయి. చిన్నగా కనిపించే నేరాలే పెద్ద నేరాలకి దారి అని, వాటిని అక్కడే ఆపాలని ఆ నివేదిక వాదం. ఫిబ్రవరి 3న ఆర్డినెన్సు, ఏప్రిల్‌లో చట్టం. సెక్షన్ 354డి. ఇష్టం లేదని స్త్రీ స్పష్టంగా తెలియజేసినా ఆమెను పదేపదే వెంబడించడం, పరిచయం పెంచుకోవటానికి సంప్రదించడం, ఆమె ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకం మీద నిఘా పెట్టడం నేరం. మొదటిసారికి మూడేళ్ళ దాకా, రెండోసారికి ఐదేళ్ళ దాకా శిక్ష. (పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల విషయంలో ఇది కొన్ని నెలల ముందే, 2012 పోక్సో చట్టంతో, నేరమైంది. మా స్నేహితురాలు ఎనిమిదేళ్ళు ఆలస్యంగా పుట్టి ఉంటే అతను ఆ చట్టం కిందకి వచ్చేవాడు.)

పార్లమెంటులో ఆ రోజు జరిగిన చర్చ మన సాహిత్య విద్యార్థులు చదవాలి. మార్చి 19న లోక్‌సభలో శరద్ యాదవ్, మనలో అమ్మాయిల వెంట తిరగనివాళ్ళెవరని అడిగారు. ఆడవాళ్ళు మొదట మాట్లాడరు, ప్రయత్నించాలి అన్న ధోరణిలో సాగింది ఆ ప్రసంగం. సభలో నవ్వులు. మా పాకలో మేము నవ్విన నవ్వే అది, కాకపోతే శాసనకర్తల గొంతుల్లో. అన్ని పార్టీలూ కూర్చుని, మగపిల్లల్ని తప్పుడు కేసుల్లో ఇరికిస్తారనే భయంతో, మొదటిసారి నేరానికి బెయిలు హక్కుగా దొరికేలా మార్చారు. పిల్లల బడి మానిపించే తల్లుల భయాన్ని ఆ బల్ల దగ్గరకి తెచ్చినవాళ్ళు తక్కువ.

ఇంకో చిన్న సంగతి ఉంది, ఎక్కువమంది గమనించనిది. అదే 2013 చట్టం 166ఎ అనే కొత్త సెక్షన్‌తో, స్త్రీలపై నేరాల్లో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చెయ్యని పోలీసు అధికారికి కనీసం ఆరు నెలల జైలు అంది. మంచిదే. ఏ నేరాలకో అక్కడ ఒక పట్టిక ఇచ్చారు: యాసిడ్, అత్యాచారం, 354, 354బి, 509... అందులో 354డి లేదు. అత్యాచారం ఫిర్యాదు తీసుకోకపోతే నేరం, వెంటపడుతున్నాడన్న ఫిర్యాదు తీసుకోకపోతే ఆ సెక్షన్ కింద నేరం కాదు. వరంగల్ ఇచ్చిన పాఠమేమో సరిగ్గా ఆ రెండో కాగితం గురించే.

ఈ సంగతి నాకు పుస్తకం చదివి తెలియలేదు. కొన్నేళ్ళ క్రితం మా పిన్ని కూతురు కోసం ఒక పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఏ స్టేషనో అనవసరం. ఆరు నెలలుగా ఒకడు ఆమె ఆటో వెనక బైకు మీద వస్తున్నాడు. నంబర్లు మార్చి ఫోన్లు చేస్తున్నాడు. ఫోనులో ఆమె ఫొటోలు తీసి ఆమెకే పంపుతున్నాడు. పోర్టు పనులు మొదలయ్యాక మా ఊళ్ళో ఏం జరిగినా 'పనికొచ్చినోళ్ళ పనే' అనటం అలవాటైంది. ఇతను బయటివాడు కాదు. మూడు వీధుల అవతలివాడు, మాకు వరసకి బావ అవుతాడు. అక్కడున్న అధికారి ఓపికగానే విన్నాడు. విని అడిగాడు: 'చెయ్యి పట్టుకున్నాడామ్మా?' లేదంది. 'తప్పుగా ఏమైనా అన్నాడా?' లేదంది. 'మరింకేటి? వరసైనవాడేనంటున్నారు.' నేను 354డి అన్నాను. ఆయన నా వైపు చూసి, మేడమ్‌గారు లాయరా అన్నాడు. తెలుగు లిటరేచర్ అంటే ఆ గదిలో అందరికీ నవ్వొచ్చింది.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్న మాత్రం చట్టంలోదే. 'ఇష్టం లేదని అతనితో స్పష్టంగా చెప్పావా?'

మా చెల్లి తల దించుకుంది. చెప్పలేదు. ఆరు నెలలూ తల దించుకునే నడిచింది, ఫోను ఎత్తలేదు, దారి మార్చుకుంది. మగవాడు వెంటపడితే తలెత్తి మాట్లాడకు, మాట కలిపితే అలుసిచ్చినట్టే అని ఆమెకు నేర్పింది మేమే. మౌనం అర్ధాంగీకారమనే సామెత ఉన్న భాషలో మౌనాన్ని నిరాకరణగా ఎవరు చదువుతారు? చట్టం రాసినవాళ్ళు 'ఇష్టం లేదన్న స్పష్టమైన సూచన' అన్నారే గాని, నోటితోనే చెప్పాలనలేదు. దారి మార్చుకోవటం సూచన కాదా? పద్దెనిమిది నంబర్లు బ్లాక్ చెయ్యటం సూచన కాదా? నా ఉద్దేశంలో ఈ సెక్షన్‌లో అసలు యుద్ధం ఆ ఒక్క మాట చుట్టూ జరగాలి. ఆడపిల్ల శరీరభాషని చదవటం సినిమా నుంచి నేర్చుకున్న సమాజంలో ఆ చదువరితనాన్ని న్యాయస్థానాలకి ఎవరో ఒకరు మళ్ళీ నేర్పాలి. సాహిత్యం వాళ్ళకి ఇక్కడ పనుంది, ఆ గదిలో ఎంత నవ్వొచ్చినా.

ఇంకొకటి. మా చెల్లికి కావలసింది అతని జైలు కాదు. 'ఆడు నా దార్లోకి రాకుండా ఉంటే సాలప్పా' అంది తిరుగు ప్రయాణంలో. అలాంటి ఆజ్ఞ ఇచ్చే చట్టం మనకి లేకపోలేదు. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు: ఆమెను కలవొద్దు, ఫోను చెయ్యొద్దు, ఆమె పనిచేసే చోటికి పోవద్దని. కానీ దానికి ఇద్దరూ ఒకే ఇంట్లో కాపురమున్న సంబంధం ఉండాలి. అంటే అతన్ని పెళ్ళాడి, కొన్నాళ్ళు కాపురం చేసి, తన్నులు తింటే అప్పుడు ఆ ఉత్తర్వు దొరుకుతుంది. బయటివాడుగా వెంటపడుతున్నంత కాలం దొరకదు. ఇంగ్లండ్ 2019 చట్టంతో సరిగ్గా ఇలాంటి వాళ్ళ కోసమే, శిక్ష పడేదాకా ఆగకుండా, పోలీసులే కోర్టునడిగి రక్షణ ఉత్తర్వు తెచ్చేలా ఏర్పాటు చేసుకుంది. మన దగ్గర 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చి 354డి కాస్తా 78 అయింది. అంకె మారింది, లోపలి వాక్యాలు దాదాపు అవే. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ హడావుడిగా ఆమోదించిన దిశ బిల్లు, ఇరవై ఒక్క రోజుల్లో తీర్పు, ఉరిశిక్ష అంటూ, రాష్ట్రపతి ఆమోదం పొందలేదు. అందులోనూ భీముడే ఎక్కువ, కొలువు తక్కువ.

మా ఊళ్ళ ఆడవాళ్ళు పిరికివాళ్ళు కాదు. 2010 జూలైలో సోంపేట బీల దగ్గర, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి దగ్గర థర్మల్ కేంద్రాలొద్దని పోలీసులకి ఎదురు నిలిచిన వాళ్ళు. కాల్పులు చూసినవాళ్ళు. ఆ జ్ఞాపకం వల్లే స్టేషన్ మెట్లెక్కటానికి ఇంకా వెనకాడతారు. భూమి కోసం తుపాకీకి ఎదురెళ్ళిన పెద్దమ్మ, మనవరాలి వెంట ఎవడో పడుతున్నాడంటే 'స్టేషనుకెందుకే, సంబంధాలు చూడండి' అంటుంది. ఆమెను తప్పుపట్టటం నాకు చేతకాదు. లాఠీ ఉన్న చోటునే రక్షణ కోసం వెతకమంటున్నాం కదా మనం. పలాస జీడి కార్మాగారాలకి తెల్లవారుజామున చీకట్లో నడిచి వెళ్ళే ఆడవాళ్ళ మాట కూడా ఇదే: గుంపుగా పోతాం, గుంపుగా వస్తాం. వాళ్ళ రక్షణ ఉత్తర్వు ఆ గుంపే.

మా చెల్లి కాగితం చివరికి తీసుకున్నారు, మూడోసారి వెళ్ళాక, రాతపూర్వకంగా, రసీదు అడిగి. కేసు కట్టలేదు. అతన్ని పిలిచి మందలించారట. రెండు నెలలు కనపడలేదు. తర్వాత మళ్ళీ బైకు చప్పుడు వినిపిస్తోందంది ఫోనులో. ఈసారి ఆమె ఆటో ఆపించి, దిగి, రోడ్డు మధ్యలో నలుగురూ వినేలా నాకిష్టం లేదు, రావద్దని గట్టిగా చెప్పిందట. ఆటోలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళని సాక్షులుగా రాయించాలంటే వాళ్ళ పేర్లు ఎలా రాయాలప్పా అని అడుగుతోంది. నేను రేపటి బండికి టెక్కలి వెళ్తున్నాను.